ప్రక్కపోటు: దాని పుట్టుక, ఉపశమనము, చికిత్స

ఉదయగిరి కొండక్రింది పల్లెలయందును, ఆత్మకూరు చుట్టునుండు మెట్టగ్రామములయందును ఎవరికైనను ఊపిరి పీల్చునప్పుడు ప్రక్కలో సూదితో పొడిచినట్లు నొప్పి కలిగినయెడల, ఇంటివారు దానికి వెంటనే యొక పేరు పెట్టుదురు. కొందఱు పట్టు పట్టినదందురు. కొందఱు వాయువు చేరినదందురు. బరువెత్తుటచే నరము తొలగినదనువారును కలరు. పేరేదైనను చేయు పని యొక్కటియే. ఆముదము రాచి, ఉప్పుమూటతో కాపడము పెట్టి, అంగడినుండి నొప్పిబిళ్ల తెచ్చి మ్రింగింతురు. కొన్ని దినములలో నొప్పి తగ్గును. తగ్గగానే పెద్దవాడైనచో పనికిని, బాలుడైనచో బడికిని పోవును. ఇందు తప్పేమున్నదని చదువరులు అడుగవచ్చును. ఆ నొప్పి ఎక్కడ పుట్టినది, ఎందువలన తగ్గినది యను రెండు సంగతులు తెలిసినగాని ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు వీలులేదు. ఇంగ్లీషు వైద్యమున ఈ వ్యాధికి ప్లూరసీ యని పేరు. మన ఆయుర్వేద గ్రంథములు పార్శ్వశూల యని చెప్పిన బాధలో ఇదియు నొకటి.

రొమ్ముగూటిలో రెండు ఊపిరితిత్తులున్నవనియు, కుడిదానికి మూడు, ఎడమదానికి రెండు భాగములున్నవనియు పై తరగతుల విద్యార్థులెఱుగుదురు. ప్రతి ఊపిరితిత్తిని ఉల్లిపొరవంటి పలుచని పొర యొకటి అంటిపెట్టుకొని యుండును. అట్టిదే మఱియొక పొర ప్రక్కటెముకలకు లోపలివైపున అంటియుండును. ఈ రెండు పొరలకును కలిపి పుపుసత్వచమని పేరు. రెంటికి నడుమ కొలదిపాటి తడి తప్ప వేఱేమియు లేదు. ఆ తడి యంతయు కూర్చినను కొన్ని చెంచాలకు మించదు. రెండు గాజుపలకలను తడిపి యొకదానిపై నొకటి ఉంచి చూడుడు. ఒకటి రెండవదానిపై సులభముగా జాఱును గాని, రెంటిని విడదీయుట కష్టము. మన రొమ్ము విచ్చుకొనినపుడెల్ల ఊపిరితిత్తి దానిని విడువక వెంట సాగుటకు ఆ తడియే ముఖ్యమైన ఆధారము. మన పెద్దలు మనుష్యుడు దినమునకు 21,600 మాఱులు శ్వాసించునని లెక్క కట్టిరి. నిమిషమునకు పదునైదు చొప్పున గుణించిన సరిగా అంతయే వచ్చును. నేటి వైద్యులు చెప్పు లెక్కకును ఇది దూరము కాదు. అన్నిమాఱులు ఆ పొరలు ఒకదానిపై నొకటి రాచుకొనుచున్నను, ఆరోగ్యవంతునకు ఆ సంగతియే తెలియదు.

ఏదైన నొక కారణముచే ఆ పొరలు వాచి ఎఱ్ఱబాఱినపుడు వాని నునుపు పోవును. పైకి కనబడని గరుకు ఏర్పడును. అప్పుడు ప్రతి శ్వాసయు పుండుపై గోనెగుడ్డ రాచినట్లగును. ఇచ్చట నొక విశేషమును గుర్తింపవలయును. ఊపిరితిత్తిని అంటియుండు లోపలి పొరకు నొప్పి తెలియదు; నొప్పిని తెలుపు నరములు ప్రక్కటెముకలవైపు పొరకే కలవు. కావున రోగము ఊపిరితిత్తిలో ఎంత ముదిరినను, అది పై పొరను తాకువఱకు మనకు నొప్పి పుట్టదు. నొప్పి యనునది ఇంటిలో దొంగ దూఱినప్పుడు కాక, వాడు వీథితలుపును తాకినప్పుడు మాత్రమే మొఱిగెడి కుక్కవంటిది.

ఆ నొప్పి తీరు కూడ తెలిసికొనదగినది. దీర్ఘముగా శ్వాస తీసినను, దగ్గినను, తుమ్మినను, నవ్వినను పోటు హెచ్చును. శ్వాసను బిగబట్టినచో తగ్గును. అందుచేత రోగి చిన్నచిన్న శ్వాసలు తీయుచు, నొప్పియున్న ప్రక్కకు వంగి నడచును. పొట్టకును రొమ్మునకును నడుమనుండు ఉదరవితానముపై పొర వాచినయెడల మఱియొక చిత్రము జరుగును. దాని నడిమి భాగపు నరములు మెడనుండి దిగివచ్చినవి గనుక నొప్పి భుజముపైన తోచును. దాని అంచుల నరములు ప్రక్కటెముకల నడుమనుండి వచ్చినవి గనుక అచ్చటి నొప్పి కడుపులో తోచును. భుజమునకు తైలము రాచుచు వారములు గడపువారు ఇందువలననే కలరు. పిల్లలు కడుపునొప్పి యని యేడ్చుచుండగా, కారణము ఊపిరితిత్తి అడుగుభాగపు న్యుమోనియా యని తరువాత తేలుటయు కలదు. జ్వరము, దగ్గు, వేగముగా ఎగపోయు శ్వాస వీనితో కూడిన కడుపునొప్పి గల బిడ్డను వైద్యునికి చూపునప్పుడు రొమ్మును కూడ పరీక్షింపుమని తలిదండ్రులు అడుగుట మంచిది.

ఇక నొప్పి ఎందువలన తగ్గునను సంగతి. వాపు తీఱి పొరలు మరల నునుపైనయెడల నొప్పి తగ్గును. ఇది మేలైన మార్గము. మఱియొక మార్గమున్నది. వాచిన పొరలనుండి నీరు ఊఱి వాని నడుమ చేరును. మన పల్లెలలో నెమ్ము చేరినదనియు, ఊపిరితిత్తులకు నీరు పట్టినదనియు చెప్పునది తఱచుగా ఇదియే. నీరు చేరగానే పొరలు రెండును ఎడబడును. ఎడబడిన పొరలు రాచుకొనవు. రాచుకొననందున పోటు తగ్గును. రోగి తనకు నయమైనదని తలచును. రోగము మాత్రము పెరిగినది. ఆముదమునకును, కాపడమునకును, వాతలకును, మంత్రములకును మన పల్లెలలో కలిగిన కీర్తిలో కొంతభాగము ఈ నీటివలన వచ్చినదే యని నా తలంపు. నొప్పి తగ్గిన వారము పదిదినములకు మెట్టలెక్కునప్పుడు ఆయాసము కలుగుట, ఒక ప్రక్క బరువుగా తోచుట, సాయంకాలము వెచ్చబడుట, ఆకలి మందగించుట గమనించినయెడల, తగ్గినది నొప్పియే గాని వ్యాధి కాదని తెలిసికొనవలయును.

ఈ వ్యాధికి కారణములు పెక్కు. జలుబు, దగ్గులతో వచ్చు వైరసులచే కలుగు ప్రక్కపోటు కొలది దినములలో దానియంతటదియే పోవును. డెన్మార్కు దేశపు బోర్న్‌హోల్మ్ దీవి పేరుతో పిలువబడు జ్వర మొకటి యిట్టి పోటును కలిగించునదే. సిల్వెస్ట్ అను వైద్యుడు 1930వ సంవత్సర ప్రాంతమున దానిని వర్ణించెను. న్యుమోనియాలో వణకుతో కూడిన తీవ్రజ్వరము, త్రుప్పురంగు కఫము, దానితోపాటు పోటు కలుగును. దీనిని అశ్రద్ధ చేసినయెడల పొరల నడుమ నీటికి మాఱుగా చీము చేరును. బాలింతలకును, శస్త్రచికిత్స జరిగి పడకనున్నవారికిని కాలినరములలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తికి పోయి అడ్డుపడినప్పుడు హఠాత్తుగా పోటును ఆయాసమును కలుగును. ఇది గంటలలో ప్రాణముతీయగల అపాయము. కీళ్లవాతములోను, క్యాన్సరులోను కూడ పొర వాచుట కలదు. కాని మన దేశమున, అందును పడుచువారిలో, ఒక ప్రక్క మాత్రమే నీరు చేరి, సన్నని జ్వరము విడువకున్న యెడల వైద్యుడు మొట్టమొదట అనుమానించునది క్షయ. చరకాదులు రాజయక్ష్మ లక్షణములను చెప్పుచు భుజములయందును పార్శ్వములయందును కలుగు బాధను జ్వరముతో కలిపి చెప్పియుండుట గమనింపదగినది. సూక్ష్మక్రిమి పేరైనను వినని కాలమున వారి కన్ను అంత దూరము పోయినది.

మన పడమటి నెల్లూరు సీమకు ఈ విషయమున నొక ప్రత్యేక సంబంధము కలదు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతముల మీదుగా సాగు అభ్రకపు నేల భూగర్భశాస్త్రజ్ఞులకు చిరపరిచితము. అభ్రకముతో పాటు ఆ గనులలో పలుగురాయి కలదు. ఆ రాతిని తొలిచి పగులగొట్టునప్పుడు రేగు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టును. అట్టి ఊపిరితిత్తులలో క్షయ సులభముగా పాదుకొనును. అభ్రకపు గనుల కార్మికుల సంక్షేమమునకై 1946లో ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చినది. ఒకప్పటి గనులు పెక్కు మూతబడినవి. అయినను రాతిపనియు, కంకరమిల్లులును ఉన్నవి. గనులలో పనిచేసిన తాతలు ఇంటిలో నున్నయెడల, వారి పాత దగ్గును ముసలితనపు దగ్గని కొట్టివేయరాదు. మనది పొగాకు పండు నేల కూడ. బీడీ, చుట్ట వీనివలన వేఱే చెప్పనక్కఱలేదు.

వైద్యుడు ఈ రోగమును గుర్తించు విధము విద్యార్థులకు వినోదముగా నుండును. ఆస్ట్రియా దేశమున ఔవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడుండెను. ఆయన తండ్రి సత్రము నడపువాడు. పీపాలో మద్యమెంత యున్నదో తెలియుటకు పీపాను వ్రేలితో తట్టి చూచుట అట్టివారి వాడుక. కుమారుడు ఆ ఉపాయమునే మనుష్యుని రొమ్మునకు అన్వయించి, గాలియున్నచోట నొకవిధమైన ధ్వనియు, నీరున్నచోట మొద్దుధ్వనియు వచ్చునని కనుగొని 1761లో గ్రంథము ప్రకటించెను. మన కుమ్మరివాని అంగడిలో కుండను తట్టి కొను గృహిణికి ఈ విద్య క్రొత్త కాదు. ఫ్రాన్సు దేశీయుడు లెనెక్ 1816లో కాగితమును గొట్టమువలె చుట్టి రోగి రొమ్మున ఆనించి వినెను. నేటి స్టెతస్కోపునకు అదియే మూలము. వాచిన పొరలు రాచుకొనునప్పుడు దానిలో క్రొత్త తోలుచెప్పుల కిఱ్ఱుమను ధ్వనివంటిది వినబడును. నీరు చేరిన పిమ్మట ఆ ధ్వని మాయమై, శ్వాసధ్వనియే వినబడకుండును. రోగికి నొప్పి పోయిన దినమే వైద్యునికి ఈ నిశ్శబ్దము వినబడును. అందుకే నొప్పి తగ్గినను ఒకసారి పరీక్ష చేయించుకొనుడని చెప్పుట.

చేతిపరీక్ష పిమ్మట ఎక్స్‌రే తీయుదురు. నీరు కొంచెమే యున్నయెడల అందు తెలియకపోవచ్చును, స్కానింగులో తెలియును. నీరు కనబడినచో సూదితో కొంత తీసి పరీక్షకు పంపుదురు. ఇచ్చటనే మనవారు పెక్కండ్రు వెనుదీయుదురు. ఊపిరితిత్తిలో సూది గ్రుచ్చిన మనిషి బ్రతుకడని భయము. సూది ఊపిరితిత్తిలో గ్రుచ్చరు. నీరున్న చోటనే గ్రుచ్చుదురు. రోగిని కూర్చుండబెట్టి, ముందఱనున్న బల్లపై చేతులానించి వంగుమందురు. చర్మమునకు మత్తుసూది యిత్తురు. రక్తనాళమును నరమును ప్రక్కటెముక క్రింది అంచువెంట పోవును గనుక, ఎముక పై అంచు నానించి సూదిని పోనిత్తురు. నీరు విస్తారముగా నున్నను ఒకేమాఱు లీటరున్నరకు మించి తీయకుండుట వాడుక. క్షయనీరు సామాన్యముగా ఎండుగడ్డివన్నె పసుపుగా నుండును. చీమైనచో చిక్కగా, కొన్నిసారులు దుర్వాసనతో నుండును; అప్పుడు మందులొక్కటియే చాలవు, గొట్టము వేసి చీమును బయటికి పాఱించవలయును. ఇంకొక సంగతి. పొరలోని క్షయలో క్రిములు చాల కొద్దిగా నుండును గనుక కఫపరీక్షలో ఏమియు కనబడకపోవుట తఱచు. కఫములో లేదన్నారు గనుక క్షయ కాదని ఇంటికి మరలరాదు. నీటిలోని కణములను, ఏడీఏ యను పదార్థమును, అవసరమైన పొర ముక్కను పరీక్షించి వైద్యుడు నిర్ణయించును.

ఇక బాధకు ఉపశమనము. నొప్పిని సహించి యూరకుండుట ధైర్యము కాదు. నొప్పివలన పూర్ణముగా శ్వాస తీయనివాని ఊపిరితిత్తి అడుగుభాగము ముడుచుకొని, కఫము నిలిచి, మఱియొక రోగమునకు చోటిచ్చును. కావున నొప్పిని తగ్గించుట చికిత్సలో ఒక భాగమే. ఐబుప్రొఫెన్ మొదలగు వాపుతగ్గించు మందులు ఈ పోటుకు బాగుగా పనిచేయును. వానిని భోజనానంతరము, వైద్యుడు చెప్పిన మోతాదున, కొలది దినములు మాత్రమే వాడవలయును. కడుపులో పుండున్నవారు, మూత్రపిండముల జబ్బుగలవారు, గర్భిణులు, ఉబ్బసపు రోగులు అడుగక వాడరాదు. డెంగీజ్వరమని అనుమానమున్న దినములలో ఎవరును వాడరాదు. అట్టివారికి పారసిటమాల్ మేలు. పెద్దవారికి 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఇరువదినాలుగు గంటలలో ఎనిమిదికి మించరాదు. బక్కచిక్కినవారికిని, కాలేయము చెడినవారికిని, మద్యపానము చేయువారికిని అంతకంటె చాల తక్కువ. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు. మందుబిళ్ల జ్వరమును కూడ అణచును. అందుచేత బిళ్ల మ్రింగకముందు జ్వరమెంతయున్నదో చూచి కాగితముపై వ్రాసి యుంచుట వైద్యునికి ఎంతో సహాయము. ఈ పని ఇంటిలోని బడిపిల్లలు చేయగలరు.

మందులేని ఉపాయములును కలవు. నొప్పిలేని ప్రక్కకు తిరిగి పండుకొనవలెనని తోచును గాని, చాలమందికి నొప్పియున్న ప్రక్కనే క్రిందికి వేసి పండుకొనిన సుఖముగా నుండును. ఆ ప్రక్క కదలిక తగ్గుటయే కారణము. దగ్గు వచ్చునప్పుడు మడచిన దుప్పటినో తలగడనో ప్రక్కకు అదిమి పట్టుకొనిన పోటు తగ్గును. ఉప్పుమూట కాపడము, వేడినీటి సంచి మంచివే. చర్మము కాలకుండ చూచుకొనవలయును. ఆముదము వలన హాని లేదు, అది రోగమును తీర్చునని నమ్మనంతవఱకు. పసుపు సున్నము కలిపిన పట్టు వలన చర్మము పొక్కినవారు కలరు గనుక నేను దానిని మెచ్చను. ఒకప్పుడు వైద్యులే రొమ్మును అంటుగుడ్డలతో బిగించి కట్టెడివారు. శ్వాసను మఱింత కుదించునని దానిని నేడు విడిచిరి. ఇంటిలో గుడ్డతో బిగించి కట్టుటయు అట్టిదే.

ఇనుము కాల్చి ప్రక్కపై వాతలు పెట్టుటను గుఱించి మాత్రము ఉపేక్షగా వ్రాయజాలను. పెట్టినవాడు రోగికి శత్రువు కాడు. తఱచుగా తాతయో మేనమామయో యగును. అయినను ఆ కాలిన గాయము లోపలి వ్యాధి నేమియు చేయదు. పైగా క్రొత్త పుండును తెచ్చును. పాశ్చాత్యులును ఈ విషయమున మనకంటె వివేకవంతులుగా నుండలేదు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల సేనలను ఓడించి ఉదయగిరి దుర్గమును 1514లో గైకొనిన శతాబ్దముననే, ఐరోపాలోని మహావైద్యులు ప్రక్కపోటు రోగికి రక్తము తీయుటకు నొప్పియున్నవైపు చేతినరమును కోయవలెనా, రెండవవైపుదానిని కోయవలెనా యని పోట్లాడుకొనుచుండిరి. శరీరనిర్మాణ శాస్త్రమునకు తండ్రియనదగిన వెసాలియస్ కూడ ఈ వివాదముపై 1539లో నొక లేఖను ప్రకటించెను. రోగికి ఏ చేతినుండి తీసినను నష్టమే.

వాతలకంటె నేడు నాకు ఎక్కువ భయము కలిగించునది వేఱొకటి కలదు. త్వరగా నయము కావలెనని కోరు రోగులకు కొన్నిచోట్ల స్టెరాయిడు మందు సూదిద్వారా ఇచ్చుట వాడుక. ఆ మందు వాపును, జ్వరమును, నొప్పిని ఒక్క దినములో అణచును. ఆకలి కూడ పుట్టించును. అంతకంటె దివ్యౌషధము లేదని రోగి సంతసించును. కారణము క్షయయై, దానికి తగిన మందులు లేకుండ ఇది మాత్రమే ఇచ్చినయెడల, శరీరము యొక్క కాపుదల సడలి క్రిములు స్వేచ్ఛగా వ్యాపించును. ఏ సూది ఇచ్చుచున్నారో చీటీపై వ్రాసి యిమ్మని అడుగు హక్కు రోగికి కలదు.

క్షయ యని తేలినచో చేయవలసినది స్పష్టము. రాబర్టు కాక్ 1882 మార్చి 24వ తేదీన క్షయక్రిమిని లోకమునకు చూపెను. దానిని చంపు మందు, స్ట్రెప్టోమైసిన్, 1943లో గాని దొరకలేదు. నడిమి అఱువది సంవత్సరములు విశ్రాంతి, మంచిగాలి, మంచి ఆహారము, ఇవియే చికిత్స. మన తెలుగుసీమలో ఆ చికిత్సకు పేరొందిన స్థలము మదనపల్లెవద్ద ఆరోగ్యవరము. అనేక మిషనులు కలిసి స్థాపించిన ఆ శానిటోరియము 1915లో అచ్చట తెఱువబడెను. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ దానిని చాలకాలము నడిపెను. చిత్రమేమనగా, ఆ కాలపు శానిటోరియములలో మనము చెప్పుకొన్న పొరల సందునే వైద్యులు సాధనముగా చేసికొనిరి. ఆ సందులోనికి సూదితో గాలి నింపి, రోగమున్న ఊపిరితిత్తిని ముడుచుకొనజేసి, దానికి విశ్రాంతి నిచ్చెడివారు. నేడు ఆ ప్రయాస అక్కఱలేదు. మద్రాసులో 1956లో స్థాపితమైన క్షయచికిత్సా పరిశోధన కేంద్రమువారు, ఇరుకు ఇండ్లలో కొలదిపాటి తిండితో నున్న పేదలకు ఇంటివద్దనే మందులిచ్చి, శానిటోరియములో ఉంచబడినవారితో పోల్చి చూచి, ఫలితము ఇంచుమించు సమానమని 1959లో ప్రకటించిరి. ఆ ఫలితము లోకమంతట క్షయచికిత్సను మార్చినది. ఉదయగిరి పల్లెలోని రోగి తన ఇంటిలోనుండియే నయము చేసికొనగలుగుట ఆ పరిశోధన ఫలమే.

నేటి పద్ధతిలో సామాన్యముగా మొదటి రెండు మాసములు నాలుగు మందులును, తరువాతి నాలుగు మాసములు మూడు మందులును, మొత్తము ఆఱు మాసములు వాడవలయును. ప్రభుత్వాసుపత్రులలో ఇవి ఉచితము. రోగి పేరు నమోదైన పిమ్మట ఆహారమునకై నెలకు కొంత సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ చేయుదురు. 2018లో 500 రూపాయలుగా మొదలైన ఈ సహాయము 2024 నవంబరునుండి 1,000 రూపాయలైనది. మందులు మొదలుపెట్టగానే మూత్రము, చెమట, కన్నీరు నారింజరంగు తిరుగును. రక్తము పోవుచున్నదని బెదరి మందులు మానినవారు కలరు. అది రిఫాంపిసిన్ అను మందు రంగే గాని మఱేమియు కాదు. కన్నులు పచ్చబడినను, వాంతులు విడువకున్నను, చూపు మసకబాఱినను మాత్రము ఆ దినమే వైద్యుని చూడవలయును.

ఆఱు మాసములెందుకని అడుగువారికి నొక పాత లెక్క చెప్పెదను. మందులు లేని కాలమున ఇట్టి నీరు పెక్కండ్రకు రెండు నాలుగు మాసములలో దానియంతటదియే ఇంకిపోయెడిది. రోగి బలిసి, పనిచేసికొనుచు తిరిగెడివాడు. అమెరికా సైన్యమునందు ఇట్లు చికిత్సలేక తేఱుకొనిన పడుచువారిని సంవత్సరముల తరబడి గమనించి, వారిలో నూటికి 65 మందికి తరువాత క్షయ బయటపడినదని ఇద్దఱు వైద్యులు 1955లో వెల్లడించిరి. నొప్పి పోయినది, నీరు పోయినది, జ్వరము పోయినది, అయినను ముగ్గురిలో ఇద్దఱికి రోగము పోలేదు. మన ఊరివాడు రెండవ మాసమున ఒడలు తేలికపడి, బెంగుళూరికో చెన్నపట్టణమునకో కూలిపనికి పోవుచు మందుసంచిని ఇంటిలో మఱచిపోవుట ఇట్టి సాహసమే. పనికి పోవుట తప్పనిసరియైనచో ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందో ముందుగా చెప్పినయెడల, పోయిన ఊరిలోనే మందులు దొరకునట్లు ఏర్పాటు చేయుదురు. నడుమ మానిన క్రిములు మందులకు లొంగనివై మరల లేచును. అప్పటి చికిత్స ఎక్కువ కష్టము.

ఎప్పుడు ఆలస్యము చేయరాదో కూడ చెప్పవలయును. ఉదయగిరినుండి నెల్లూరు పెద్దాసుపత్రికి సుమారు నూఱు కిలోమీటర్లు. ఆత్మకూరునుండి ఇంచుమించు అందు సగము. ప్రొద్దున చూతమని రాత్రి గడపుట ఈ దూరమునుబట్టి వచ్చిన వాడుక. పెదవులు నీలిబాఱినను, ఒక వాక్యము ముగించుటకు ఊపిరి చాలకున్నను, కఫములో రక్తము పడినను, సొమ్మసిల్లినను, బాలింతకు గాని కాలు వాచినవారికి గాని పోటు హఠాత్తుగా వచ్చినను ప్రొద్దువఱకు ఆగరాదు. నొప్పి ప్రక్కను గాక రొమ్ము నడుమ బండ పెట్టినట్లుండి, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకి, చెమటపట్టినయెడల అది గుండెనొప్పి కావచ్చును. ఈ నొప్పి శ్వాసనుబట్టి హెచ్చుతగ్గులు పొందదు. ఇట్టి సమయములలో 108 సంఖ్యకు ఫోను చేయుట బడిపిల్లలందఱు నేర్చియుండవలయును.

వసతిగృహములు నడపు ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును కలుగు సందేహ మొకటి మిగిలియున్నది. క్షయ పొరయందు మాత్రమేయుండి, ఊపిరితిత్తిలోనికి రానియెడల, దగ్గుద్వారా ఇతరులకు అంటు భయము చాల తక్కువ. ఊపిరితిత్తిలో కూడ ఉన్నదా లేదా యని ఎక్స్‌రే, కఫపరీక్షలు చేసి వైద్యుడు చెప్పును. లేదని చెప్పిన బాలునికి వేఱు కంచము, వేఱు చాప, వేఱు బల్ల అక్కఱలేదు. ఉన్నప్పటికిని సరియైన మందులు పడిన కొలది వారములలో అంటు తగ్గును, కంచములవలన ఈ రోగము అంటనే అంటదు. కొన్ని యిండ్లలో ఆడపిల్లకు ఈ వ్యాధి వచ్చినదని తెలిసిన పెండ్లి చెడునని దాచి, ఊరు మార్చి, పేరు మార్చి మందులు తెచ్చుకొని, చివరకు నడుమనే మానుదురు. ఆ పిల్ల అదే మందులు ఆఱు నెలలు బహిరంగముగా మ్రింగినయెడల పూర్ణారోగ్యముతో పెండ్లిపీటల మీద కూర్చుండగలదు. రోగితో ఒకే ఇంటిలో నుండువారిని, ముఖ్యముగా అయిదేండ్లలోపు బిడ్డలను, ఒకసారి పరీక్షింప జేయవలయును. పొరలో చేరిన క్రిమి ఎవరో ఒకరి దగ్గునుండి వచ్చినదే గదా, ఆ మనిషి అదే ఇంటిలో చుట్ట కాల్చుచు దగ్గుచుండు పెద్దాయన కావచ్చును.

నొప్పి తగ్గిన వెంటనే చేయవలసిన సులభమైన అభ్యాసముతో ముగించెదను. నిటారుగా కూర్చుండి, ముక్కుతో మెల్లగా నిండుగా శ్వాస తీసి, మూడు లెక్కించువఱకు నిలిపి, పెదవులు ముడిచి మెల్లగా విడువవలయును. ఇట్లు పదిమాఱులు, మెలకువగానున్న ప్రతి రెండు గంటలకు నొకసారి చేసినయెడల ముడుచుకొనిన ఊపిరితిత్తి విచ్చుకొనును. పొరలు అతుకుకొని ఆ ప్రక్క బిగిసి యుండుట కొందఱికి మిగులును. ఈ అభ్యాసముచే అది క్రమముగా సడలును. పెద్ద పరుగులకును, బంతియాటలకును బాలుని ఎప్పుడు పంపవలెనో ఎక్స్‌రే చూచి వైద్యుడు చెప్పును. అంతవఱకు వ్యాయామపు గంటలో చెట్టునీడను కూర్చుండబెట్టి లెక్కలు వ్రాయించుకొనుటకు మా తోడి యుపాధ్యాయులకు అభ్యంతరముండదని తలచెదను.